ఉన్ని బామ్మ గడప మీద రెండు అడుగులు

ఆ రోజుల్లో శకునాలకి కూడా వీసా కావాలని మా ఇంట్లో ఎవరికీ తెలియదు. తెనాలిలో చెడ్డదైన నల్లపిల్లి భూగోళమంతా చెడ్డదేనని మా అమ్మ నమ్మకం. మేమున్న స్కాట్లండ్ పల్లెలో మాత్రం నల్లపిల్లి గుమ్మంలోకి వస్తే అదృష్టమని పాలు పోసి మరీ పిలిచేవాళ్లు. తర్వాత అమెరికా వచ్చాం, ఇక్కడ అది మళ్లీ చెడ్డదైపోయింది. అందుకే ఈ వయసులో కూడా, మేముండే క్యారీ ఊళ్లో మా వీధి మలుపు దగ్గర ఎదురింటివాళ్ల నల్లపిల్లి కారుకి అడ్డంగా నడిచి వెళ్తే, ఏ దేశం రూలు వాడాలో తేల్చుకోలేక బ్రేక్ మీద కాలు పెట్టి కూర్చుంటాను. వెనక కార్లవాళ్లు మర్యాదస్తులు, హారన్ కొట్టరు. పక్క సీట్లో మా అమ్మాయి మాత్రం "అమ్మా, ఇట్స్ జస్ట్ ఎ క్యాట్" అని నెత్తి కొట్టుకుంటుంది. నా గందరగోళం ఎక్కడ మొదలైందో దానికి చెప్పాలంటే ఒక సరస్సు, ఒక బామ్మ, ఒక బొగ్గుముక్క గురించి చెప్పాలి. చెప్తే నమ్మదు. మీరైనా నమ్ముతారేమో చూద్దాం.

నాకప్పుడు తొమ్మిదేళ్లు. నాన్న డాక్టరు. చుట్టుపక్కల నాలుగు పల్లెలకి ఆయనొక్కరే దిక్కు. మా ఊరంటే సరస్సు ఒడ్డున (అక్కడివాళ్లు సరస్సుని లాఖ్ అంటారు, ఆ చివరి శబ్దం గొంతులోంచి రావాలి, అమ్మకి జలుబు చేసినప్పుడు మాత్రమే సరిగ్గా పలికేది) ఓ పాతిక ఇళ్లు, ఒక కొట్టు, ఒక చర్చి, పడవలు కట్టేసే చెక్కవంతెన. ఇక్కడ ఈ మాట ఎత్తగానే అందరూ "ఆ సరస్సులో రాక్షసి ఉందట కదండీ?" అంటారు. అది వేరే సరస్సండీ. మాదాంట్లో చేపలు కూడా అంతంత మాత్రమే. ఏడాదిలో సగం రోజులు వాన పడేది, మిగతా సగం పడేలా ఉండేది. అక్కడ తెలుగువాళ్లం మేం ముగ్గురమే. బయట అడుగు పెట్టగానే ఎదురైన ప్రతివాళ్లూ "ఎక్కడికి బయల్దేరావమ్మా?" అని ఆప్యాయంగా అడిగేవాళ్లు. అది వాళ్ల పలకరింపు. అమ్మకి మాత్రం గుండెలో రాయి పడేది. బయల్దేరేవాళ్లని ఎక్కడికని అడుగుతారా ఎవరైనా? వెంటనే వెనక్కి తిరిగి ఇంట్లోకొచ్చి, కుర్చీలో కూర్చుని, గ్లాసుడు మంచినీళ్లు తాగి, మళ్లీ మొదట్నించి బయల్దేరేది. మళ్లీ ఎవరో అడిగేవాళ్లు. కొట్టు మా ఇంటికి ఆరిళ్ల అవతలే, అయినా ఒక్కోరోజు ఒక్క పాలసీసా కోసం నాలుగు గ్లాసుల నీళ్లు తాగాల్సి వచ్చేది. (ఈ మంచినీళ్ల సంగతి గుర్తు పెట్టుకోండి. నా కొంప ముంచింది అదే.)

మా పక్కిల్లు ఉన్ని బామ్మది. ఆ పేరు మేం పెట్టుకున్నదే. ఊళ్లో ఎవరి ఒంటిమీద స్వెట్టరున్నా, ఎవరి కాళ్లకి మేజోళ్లున్నా ఆవిడ అల్లినవే. భర్త పోయి చాలా ఏళ్లయింది, పిల్లల్లేరు. బడి నుంచి రాగానే నేను అక్కడే ఉండేదాన్ని. ఆవిడ మాట్లాడేది ఇంగ్లీషేనని నాన్న హామీ ఇచ్చేవారు గానీ, అమ్మకి నమ్మకం కుదరలేదు. ఇద్దరూ చెరో భాషలో గంటలు గంటలు మాట్లాడుకునేవాళ్లు. పోట్లాట ఎప్పుడూ రాలేదు. ఆ బామ్మకి కళ్లలో శుక్లాలు. ఆ ఏడు మొదట్లో ఒక కంటికి పట్నంలో ఆపరేషన్ చేశారు, అది కుదర్లేదు, ఆ కన్ను పోయింది. రెండో కంటికి కొత్త సంవత్సరం రాగానే జనవరిలో చెయ్యాలన్నారు. "అదీ పోతే సూదులు పక్కన పెట్టెయ్యాల్సిందే. ఇక నేను లేచి చేసేదేముంది?" అని ఆవిడ ఒకసారి నాన్నతో అంటూంటే విన్నాను. ఆ మాట నాకు రాత్రిళ్లు నిద్ర పట్టనివ్వలేదు.

ఆ మొదటి కన్ను పోవడానికి కారణం డాక్టర్లు కాదని ఉన్ని బామ్మ లెక్క. అక్కడో ఆచారం ఉంది. పాత సంవత్సరం వెళ్లిపోగానే ఇంటి గడప మొదట ఎవరు తొక్కుతారో ఆ ఏడాదంతా వాళ్ల చలవే. నల్లజుట్టు మగమనిషి, చేతిలో బొగ్గుముక్కతో వస్తే ఇక తిరుగులేదు. ఎర్రజుట్టువాడు వస్తే అంతే సంగతులు. (పిల్లి నల్లగా ఉండాలి, బొగ్గు నల్లగా ఉండాలి, మనిషి జుట్టు నల్లగా ఉండాలి. "వీళ్లకి తెల్లగా ఉన్నదేదీ పనికిరాదుటే?" అని అమ్మ ఆశ్చర్యపోయేది.) ఆ ఏడు ఆవిడ గడప తొక్కింది మా పోస్టుమాన్, జుట్టు క్యారెట్ రంగు. పాపం మర్చిపోయి శుభాకాంక్షలు చెప్పడానికి వచ్చాడు. అప్పట్నుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇక ఆ ఊళ్లో అసలైన నల్లజుట్టున్న మగవాడు మా నాన్న ఒక్కరే. డాక్టరు గడప తొక్కడం శుభం కాదని ఒక వర్గం, డాక్టరైతేనేం జుట్టు చూడండని ఇంకో వర్గం వాదించుకుని, చివరికి జుట్టే గెలిచింది. మేం వచ్చిన మొదటి ఏడు నుంచీ నాన్నకి డిసెంబర్ నెలంతా బుకింగులే. ఆయనేమో, ఇండియాలో ఎవరికీ పట్టని తన జుట్టుకి ఇంత గౌరవం దొరికినందుకు పొంగిపోయి, కొబ్బరినూనె రాసుకుని తయారుగా ఉండేవారు. పోయినసారి ఆయన వచ్చేలోపే పోస్టుమాన్ దూరాడు కాబట్టి, ఈసారి మొదటి బుకింగ్ ఉన్ని బామ్మది.

సరిగ్గా డిసెంబర్ ముప్పై ఒకటి సాయంత్రమే సరస్సు అవతలి ఒడ్డున ఎవరికో నొప్పులొస్తున్నాయని ఫోనొచ్చింది. నాన్న వెళ్లారు. మంచు కురిసింది, రోడ్డు మూసేశారు. పొద్దున్నే ఫోన్ చేసి, బిడ్డ క్షేమం, తల్లి క్షేమం, తను మాత్రం మధ్యాహ్నం దాటితే గానీ రాలేనన్నారు. మిగతా ఇళ్లవాళ్లు ఏవో సర్దుబాట్లు చేసుకున్నారు, గోధుమరంగు జుట్టువాళ్లతో సరిపెట్టుకున్నారు. ఉన్ని బామ్మ మాత్రం గడియ తియ్యలేదు.

అక్కడ జనవరిలో పొద్దున్న తొమ్మిదింటికి గానీ తెల్లవారదు. అమ్మ వంటింటి కిటికీలోంచి చూసి, "బుజ్జీ, బామ్మ చిమ్నీలోంచి పొగ రావట్లేదేమే?" అంది. నాకు వెంటనే అర్థమైంది. ఆవిడ బొగ్గులు పెరట్లో షెడ్డులో ఉంటాయి. వాటికోసం బయటికొస్తే మళ్లీ లోపలికెళ్లాలి కదా, అప్పుడు ఆ ఇంటి గడప మొదట తొక్కేది ఆవిడే అవుతుంది. అందుకని చలిలో అలాగే కూర్చుంది. ఈ సంగతి చెప్పగానే అమ్మ, "నాన్న వచ్చేదాకా ముసలావిడ గడ్డకట్టుకుపోతుందిటే? నువ్వెళ్లు. పండగ పూట ఆడపిల్ల గుమ్మంలో అడుగు పెడితే సాక్షాత్తూ లక్ష్మి వచ్చినట్టు. అంతకన్నా ఏం కావాలి?" అంది. నాకు పట్టుపరికిణీ కట్టి, పైన ఉన్నికోటు, కాళ్లకి రబ్బరు బూట్లు వేసి, జడ బిగించి, బొట్టు పెట్టింది. బొగ్గు తీసుకెళ్లాలి కదమ్మా అంటే, "ఛీ, కొత్త సంవత్సరం పూట బొగ్గేమిటే, అప్రాచ్యపు పని" అని పులిహోర డబ్బా చేతికిచ్చింది. "కుడికాలు ముందు పెట్టు. మర్చిపోకు."

ఉన్ని బామ్మ కిటికీ దగ్గరే కాపు కాస్తోంది. ఆ మసక వెలుతురులో, ఆ మిగిలిన ఒంటికంటి మసకలో, డాక్టరు ఇంటి గేటు తీసుకుని ఒక నల్లతల రావడం కనిపించింది. మా నాన్నే అనుకుంది. నేను తట్టకముందే తలుపు తెరుచుకుంది, నేను కుడికాలు పెట్టేశాను. అప్పుడు ఆవిడ కిందికి వంగి నా మొహంలో మొహం పెట్టి చూసింది. పరికిణీ చూసింది. జడ చూసింది. ఒక క్షణం గోడ పట్టుకుని నిలబడిపోయింది. తర్వాత "రా చిన్నదానా, లోపలికి రా" అంది, ఆ గొంతు నాకు కొత్తగా అనిపించింది గానీ, లక్ష్మి వచ్చిన సంతోషం కాబోలనుకున్నాను. షెడ్డులోంచి బొగ్గులు తెచ్చాను, నిప్పు రాజేశాను. పులిహోరలో ఎండుమిరపకాయ కొరికి ఆవిడ కళ్లలోంచి నీళ్లు ధారగా కారుతుంటే, ఇది కూడా సంతోషమే అనుకున్నాను.

అంతలో పోస్టుమాన్ వచ్చాడు. బుద్ధొచ్చింది కాబట్టి ఈసారి గేటు అవతలే నిలబడి, "డాక్టర్ వచ్చి వెళ్లాడా? నేను రావచ్చా?" అని అరిచాడు. నేను గర్వంగా గుమ్మంలోకొచ్చి "నేను వచ్చాను!" అన్నాను. అతని మొహంలో రంగు మారింది. "మొదట నువ్వేనా? ఆడపిల్లవా?" అన్నాడు. బామ్మ లోపల్నుంచి ఏదో కసిరింది గానీ అతను ఆగలేదు. "అయ్యో, నీకెవరూ చెప్పలేదా? ఎర్రజుట్టు మగాడు ఎంతో, ఆడమనిషి అంతే. ఇన్నాళ్లూ ఈ ఊళ్లో నేనొక్కణ్ణే అనుకున్నాను. ఇప్పుడు ఇద్దరమయ్యాం" అని, తోడు దొరికినందుకు నిజంగానే సంతోషించినవాడిలా చెయ్యి చాచాడు. నేను ఆ చెయ్యి కలపలేదు. డబ్బా అక్కడే వదిలేసి ఇంటికి పరిగెత్తాను.

నా బుర్ర అప్పుడెలా తిరిగిందో ఇప్పుడు చెప్పాలంటే నాకే అయోమయంగా ఉంటుంది. తెనాలి లెక్కన నేను లక్ష్మిని. ఈ సరస్సు లెక్కన నేను క్యారెట్ జుట్టు పోస్టుమాన్‌ని. బామ్మ ఉన్నది సరస్సు ఒడ్డున, కన్నూ ఆవిడదే, ఆపరేషన్ చేసేదీ ఇక్కడివాళ్లే. అంటే ఇక్కడి రూలే పని చేస్తుంది. అంటే బామ్మ రెండో కన్ను నేను తీసేశాను. మరి శకునం బాగోకపోతే ఏం చెయ్యాలి? అది నాకు బాగా తెలుసు. వెనక్కి రావాలి, కూర్చోవాలి, మంచినీళ్లు తాగాలి, మళ్లీ మొదట్నించి బయల్దేరాలి. కుర్చీలో కూర్చున్నాను. గ్లాసుడు నీళ్లు తాగాను. ఎందుకైనా మంచిదని రెండో గ్లాసు కూడా తాగాను. జుట్టు నల్లగానే ఉంది, ఇబ్బందల్లా ఆడపిల్లనవడమే. ఆడపిల్లనని తెలిసేది జడ వల్లే కదా అని నాకు తట్టింది. అమ్మ పెరట్లో మంచు ఊడుస్తోంది. నాన్న బ్యాండేజీలు కత్తిరించే కత్తెర బల్లమీదే ఉంది.

మూడుసార్లు నొక్కితే గానీ తెగలేదు. పుట్టినప్పట్నుంచీ ఆముదం, కుంకుడుకాయ పోసి అమ్మ పెంచిన జడ అది. నా చేతిలో చచ్చిన పాములా వేలాడుతుంటే భయమేసి నాన్న కోటు జేబులో కుక్కాను. అవును, నాన్న కోటు వేసుకున్నాను. చేతులు మోకాళ్ల దాకా వచ్చాయి. ఆయన టోపీ కూడా పెట్టుకున్నాను గానీ, నల్లజుట్టు కనపడదని తీసేశాను. మా బొగ్గుల డబ్బాలోంచి ఉన్నవాటిలో పెద్దముక్క ఏరుకుని వెళ్లి తలుపు తట్టాను. లోపల్నుంచి "ఎవరు?" అని వినిపించింది. వీలైనంత లావు గొంతుతో "డాక్టర్" అన్నాను.

తలుపు తెరుచుకుంది. ఉన్ని బామ్మ నన్ను చాలాసేపు చూసింది. "డాక్టర్‌గారా, రండి రండి. చలికి బాగా కుంచించుకుపోయినట్టున్నారే" అంది. నేను కుడికాలు పెట్టాలా ఎడమకాలు పెట్టాలా అని తడబడి, రెండు కాళ్లతో గెంతాను. బొగ్గుముక్క ఇచ్చాను. ఆవిడ రెండు చేతులా అందుకుని, నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, ఆచారం ప్రకారం అతిథికిచ్చే చిన్న గ్లాసులో అల్లం షర్బత్ పోసి, పక్కన బిస్కెట్లు పెట్టింది. "రోగులు ఎలా ఉన్నారు డాక్టర్‌గారూ?" అంది. "బాగున్నారు" అన్నాను. "నా కన్ను మాటేమిటి?" అంది. "కనిపిస్తుంది. తప్పకుండా కనిపిస్తుంది" అన్నాను, లావు గొంతు సంగతి మర్చిపోయి. ఆవిడ తల ఊపి పొయ్యిలోకి చూస్తూ కూర్చుంది. నేను బయటపడ్డాను. జేబులో జడ లేదని ఇంటికొచ్చాక తెలిసింది. ఎక్కడ జారిపోయిందో తెలియలేదు, వెతకడానికి ధైర్యం చాలలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో జరిగింది వివరంగా రాయను. అమ్మ కేక విని సరస్సు మీద కొంగలు లేచాయని ఊళ్లో చాలా కాలం చెప్పుకున్నారు. "సంవత్సరాది పూట జుట్టు కత్తిరించుకుంటావుటే! ఆ జడేదే? ఏం చేశావే?" అని ఆవిడ శోకం. ఎందుకు కత్తిరించానో చెప్తే బామ్మ గడపకి చేసిన మరమ్మతు చెడిపోతుందేమోనని నేను నోరు విప్పలేదు. నాన్న సాయంత్రం వచ్చి, తన కత్తెరని చూసి, నన్ను చూసి, "సెప్టిక్ అవలేదు కదా" అన్నారు. రెండు వారాలు నాకు అన్నం సయించలేదు. ఒక పూట లక్ష్మి గెలుస్తుందనిపించేది, ఒక పూట బొగ్గు, ఒక పూట పోస్టుమాన్. ఆ పోస్టుమాన్ దారిలో కనపడితే కన్నుగీటేవాడు, నాకు ఏడుపొచ్చేది.

ఆపరేషన్ చేసిన పదో రోజున ఉన్ని బామ్మ బస్సు దిగింది. ఊరు ఊరంతా వాన లెక్కచెయ్యకుండా బస్టాపులో ఉంది. నేను అమ్మ వెనక దాక్కున్నాను. ఆవిడ మందపాటి కళ్లద్దాల్లోంచి ఒక్కొక్కళ్లనీ చూసుకుంటూ, పోస్టుమాన్‌ని చూసి "నీ జుట్టు నేననుకున్నంత ఎర్రగా ఏం లేదు" అని, నేరుగా నా దగ్గరికొచ్చి నా కురచజుట్టు తల నిమిరింది. ఒక్క మాట కూడా అడగలేదు. వారం తిరక్కుండా ఒక ఎర్ర ఉన్నిటోపీ అల్లి తెచ్చి నా నెత్తిన పెట్టింది. నాకు చెప్పలేనంత ఆనందం. ఆవిణ్ణి భలే మోసం చేశానని గర్వం కూడా.

మూడేళ్ల తర్వాత నాన్నకి న్యూజెర్సీలో ఉద్యోగం వచ్చింది. బయల్దేరిన రోజు బామ్మ గోధుమరంగు కాగితంలో కట్టిన పొట్లం ఒకటి నా చేతికిచ్చి, "ఇప్పుడు కాదు, అక్కడికెళ్లాక విప్పు" అంది. అక్కడికెళ్లాక విప్పింది నేను కాదు, ఎయిర్‌పోర్టులో కస్టమ్స్ ఆఫీసరు. ఆయన పొట్లం కోసి, అందులోంచి ముందు ఒక బొగ్గుముక్క తీసి బల్లమీద పెట్టాడు. తర్వాత ఉన్నిదారంతో రెండు కొసలా కట్టిన నల్లటి జడ తీశాడు. రెంటినీ అటూ ఇటూ తిప్పి చూసి, "సర్, వాట్ ఈజ్ దిస్?" అన్నాడు. నాన్నకి తెలియదు. అమ్మ మాత్రం ఒక్క చూపులో పోల్చుకుంది. "మన బుజ్జిదండీ! ఇది మన బుజ్జి జడే!" అని అక్కడే ఏడుపు లంకించుకుంది. ఆఫీసరు కంగారుపడి ఇంకో ఆఫీసర్ని పిలిచాడు. పొట్లం అడుగున ఒక కాగితముంది. అది మొదటి ఆఫీసరే పైకి చదివాడు, అమెరికా యాసలో, ఒక్కొక్క మాటే ఆపి ఆపి. అందులో ఉన్నదిది: "ఈ రెండూ నీవే. జడ ఆరోజే నా బొగ్గుల బుట్టలో దొరికింది. నా కన్ను లక్ష్మి వల్ల నిలిచిందో, డాక్టర్ వల్ల నిలిచిందో నాకు ఇప్పటికీ తేల్లేదు. అందుకే రెండూ దాచాను. కొత్తచోట అడుగు పెట్టేటప్పుడు రెండూ పట్టుకో."

లక్ష్మి సంగతి ఆవిడకి ఎలా తెలిసిందో నాకు అంతుపట్టలేదు. తర్వాత అమ్మ చెప్పింది, నేను జడ కోసుకున్న రోజు సాయంత్రమే తను వెళ్లి ఆడపిల్ల అడుగు గురించి బామ్మకి గంటసేపు తెలుగులో వివరించిందట. ఆఫీసరు కాగితం మడిచి, ఒకసారి నన్ను, ఒకసారి బొగ్గుని చూసి, రెండూ నా చేతుల్లో పెట్టాడు. వరసలో నాన్న ముందున్నారు. "నో సర్, మీరు ఆగండి. షి గోస్ ఫస్ట్" అన్నాడు. నేను ఒక చేతిలో బొగ్గు, ఒక చేతిలో జడ పట్టుకుని, ఏ కాలు ముందు పెట్టాలో ఈసారీ గుర్తురాక, గీత దాటి లోపలికి గెంతాను.

ఇప్పుడు క్యారీలో ప్రతి జనవరి ఒకటిన పొద్దున్నే మా ఇంట్లో ఇదో గొడవ. మావారిని పంపిద్దామంటే ఆయనకి నల్లజుట్టు కాదుకదా, ఏ జుట్టూ లేదు. అందుకని మా అమ్మాయిని బయట నిలబెట్టి, ఆ బొగ్గు, ఆ జడ చేతికిచ్చి, తలుపు వేసి మళ్లీ తీస్తాను. పక్కింటి ఆవిడ కుక్కని తిప్పుతూ చూసి చెయ్యి ఊపుతుంది, పాపం ఏమీ అడగదు. ఈ ఏడాది అమ్మాయి గుమ్మంలో ఆగి, ఆ జడని నా తల పక్కన పెట్టి చూసింది. పోయిన వారమే రంగు వేసుకున్నాను, అయినా పాపిట్లో తెలుపు అప్పుడే తొంగిచూస్తోంది. జడ మాత్రం కోసిన రోజు ఎంత నల్లగా ఉందో అంతే ఉంది. "అమ్మా, ఇది రియల్లీ నీదేనా?" అంది. నాదేనన్నాను. "ఓకే, కానీ వర్క్ అయింది విచ్ వన్?" అంది. తెలియదే, నాకే కాదు, ఉన్ని బామ్మకీ తెలియలేదు, ముందు లోపలికి రా, చలిగా ఉంది అన్నాను. అది రెండు కాళ్లతో గెంతింది.